కవిత కంటే ముందు, పూచీ పడిందెవరో చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. ఎం.ఏ. ఇంగ్లీషు సెమినార్‌లో మీకు "తొలినాళ్ల అమెరికన్ మహిళా సాహిత్యంలో అస్తిత్వం, అణచివేత" అనే టాపిక్ వచ్చింది. కవయిత్రులు యాన్ బ్రాడ్‌స్ట్రీట్‌నీ ఫిలిస్ వీట్లీనీ చదివారు. ఒకామె తన పుస్తకాన్ని తానే తిట్టుకుంది. ఇంకొకామె తనను ఆఫ్రికా నుంచి తీసుకురావడం దేవుడి దయ అంటోంది. "వీళ్లు తిరగబడింది ఎక్కడ? లేని ప్రతిఘటన ఉందని రాయాలా?" అని అడిగారు.

లేనిది ఉందని రాయొద్దు. కానీ మీరు నినాదం కోసం వెతుకుతున్నారు, అందుకే కనబడటం లేదు. ఈ పుస్తకాల్లో ముందు చదవాల్సింది మొదటి కవిత కాదు, దానికి ముందున్న పేజీలు. దాదాపు ప్రతి పుస్తకం ముందూ ఎవరో ఒకరు నిలబడి "ఇది ఈమే రాసింది, ఈమె మంచిదే, నాది పూచీ" అని చెబుతారు. ఎవరు పూచీ పడ్డారు, దేనికి పడ్డారు, ఆ పూచీ గీసిన గీత లోపల ఆమె ఏం రాసింది, ఎక్కడ గీత దాటింది? ఇదే మీ పేపరు. అణచివేతా అక్కడే దొరుకుతుంది, అస్తిత్వమూ అక్కడే దొరుకుతుంది.

ఈ పేపరు నేను పీజీ పిల్లలకు ఇరవై ఏళ్లకు పైగా చెబుతున్నాను. మొదటి ఐదారేళ్లు నేనూ మీలాగే చెప్పాను: బ్రాడ్‌స్ట్రీట్ అణకువ, వీట్లీ లొంగుబాటు, తర్వాత బానిసత్వం నుంచి తప్పించుకుని తన కథ రాసిన హారియట్ జేకబ్స్ రాగానే తిరుగుబాటు, అంటే మెట్లు ఎక్కినట్టు. అది తప్పని నాకు చెప్పింది పుస్తకాలు కాదు, క్లాసులో ఒక అమ్మాయి. ఆ సంగతి వీట్లీ దగ్గర చెబుతాను.

ముందు బ్రాడ్‌స్ట్రీట్. 1630లో ఆర్బెల్లా ఓడలో తండ్రి థామస్ డడ్లీ, భర్త సైమన్‌తో కలిసి అమెరికాలో ఇంగ్లీషువాళ్ల వలస రాజ్యం (కాలనీ) మసాచుసెట్స్ వచ్చింది. ఎనిమిది మంది పిల్లలు. ఆమె కవితలను మరిది వరస అయ్యే జాన్ ఉడ్‌బ్రిడ్జ్ లండన్ తీసుకెళ్లి 1650లో అచ్చు వేయించాడు. ఆమెకు చెప్పకుండానే వేయించానని అతనే రాసుకున్నాడు. ముందుమాటలో అతను ఇచ్చిన హామీ చూడండి: ఇవి ఒక స్త్రీ రాసినవే, నమ్మండి. ఆమె భక్తురాలు, మర్యాదస్తురాలు, ఇల్లు చక్కగా చూసుకుంటుంది. ఈ కవితలు నిద్రలోంచి, విశ్రాంతిలోంచి మిగుల్చుకున్న కొద్ది గంటల్లో రాసినవి. అంటే ఏమన్నట్టు? వంట మానేసి రాయలేదు బాబూ, కంగారుపడకండి అని.

ఇంత కంగారు ఎందుకో తెలియాలంటే చుట్టూ ఏం జరిగిందో ఒక్క పేరాలో చెప్పండి, చాలు. 1637లో యాన్ హచిన్సన్ అనే ఆవిడను విచారించి కాలనీ నుంచి వెళ్లగొట్టారు. ఇంట్లో మీటింగులు పెట్టి మతం గురించి మాట్లాడటం ఆమె మీద మోపిన నేరాల్లో ఒకటి. ఆ విచారణలో కూర్చున్న పెద్దల్లో బ్రాడ్‌స్ట్రీట్ తండ్రి ఉన్నాడు, భర్త కూడా ఉన్నాడు. 1645లో గవర్నర్ విన్‌త్రాప్ తన డైరీలో ఇంకొకావిడ గురించి రాశాడు: చదవడం రాయడం ఎక్కువై మతి పోగొట్టుకుందట, ఇంటి పనులు చూసుకుని ఉంటే బాగుండేదట. అలాంటి ఊళ్లో, అలాంటి ఇంట్లో కూర్చుని కవిత్వం రాసిన మనిషి ఈమె.

ఇప్పుడు మీరు "తన పుస్తకాన్ని తానే తిట్టుకుంది" అన్న కవిత, 'ది ఆథర్ టు హర్ బుక్'. పుస్తకాన్ని బిడ్డగా చేసి మాట్లాడుతుంది. ముఖం కడిగితే ఇంకా మచ్చలు కనబడ్డాయట. మరక రుద్దితే అక్కడో లోపం తేలిందట. పాదాలు సమానం చేద్దామని కీళ్లు లాగిందట, అయినా కుంటుతూనే ఉందట. మంచి బట్టలు వేద్దామంటే ఇంట్లో వడికిన ముతక గుడ్డ తప్ప లేదట. "పాదం" అంటే మనకు పద్యపాదం కూడా కదా, ఇంగ్లీషులోనూ ఆ శ్లేషే. నేను క్లాసులో బల్ల మీద వేలితో కొట్టి ఆ పంక్తి చదివిస్తాను. కుంటుతోందని చెప్పే ఆ పంక్తి ఎక్కడా కుంటదు, ఐదు దెబ్బలూ సరిగ్గా పడతాయి. అణకువ మాటలో ఉంది, చేతిలో లేదు.

ఆ కవిత చివర్లో బిడ్డతో అంటుంది: నీ తండ్రెవరని అడిగితే లేడని చెప్పు. పిల్లలు ఇక్కడ "అయ్యో పాపం, అక్రమ సంతానం అన్నంత సిగ్గుపడింది" అని రాస్తారు. మీరలా ఆగిపోకండి. వెనక్కి వెళ్లి పుస్తకం మొదట్లోని 'ప్రొలోగ్' చూడండి. నా చేతికి సూదే నప్పుతుందని అనేవాళ్లున్నారు, నేను బాగా రాసినా దొంగిలించిందనో గుడ్డిగా కుదిరిందనో అంటారు అని అక్కడ ముందే చెప్పింది. దొంగిలించిందంటే ఎవరి దగ్గర? ఏ మగవాడి దగ్గరో. దానికి జవాబు ఇక్కడుంది: ఈ బిడ్డకు తండ్రి లేడు, తల్లి ఒక్కతే. సిగ్గు ముసుగులో హక్కు రాసుకుంది. మొల్ల అవతారికలో తనకు ఛందస్సూ తెలియదు అలంకారమూ తెలియదు అని వరసగా చెప్పి రామాయణం మొత్తం రాసి పెట్టింది కదా, అది చదివిన మనకు ఈ పద్ధతి కొత్తేం కాదు.

ఒక జాగ్రత్త. దీన్ని పట్టుకుని బ్రాడ్‌స్ట్రీట్‌ను ఫెమినిస్టు అని రాసేయకండి. భర్త మీద ప్రేమ, దేవుడి మీద భయం, రెండూ ఆమెలో నిజంగానే ఉన్నాయి. 1666 జులైలో ఇల్లు కాలిపోయినప్పుడు రాసిన కవిత తీసుకోండి. అంతా దేవుడిదే, తీసుకున్నాడు అంటూనే, ఇక్కడ ఆ ట్రంకు ఉండేది, అక్కడ ఆ పెట్టె ఉండేది అని ఒక్కో వస్తువునూ వేలు పెట్టి చూపిస్తుంది. ఆ రెండు గొంతుల్లో ఏది నిజం అని అడగొద్దు. రెండూ ఆమెవే.

ఇప్పుడు వీట్లీ. మీకు అసలు ఇబ్బంది ఇక్కడే కాబట్టి ఎక్కువ రాస్తాను.

1761లో బోస్టన్ రేవులో ఒక బానిస ఓడ దిగింది. ఓడ పేరు ఫిలిస్. అందులో వచ్చిన పిల్లకు ముందు పళ్లు ఊడుతున్నాయి కాబట్టి ఏడెనిమిదేళ్లు ఉంటాయని లెక్కేశారు. జాన్ వీట్లీ కుటుంబం కొనుక్కుంది. ఓడ పేరే పిల్ల పేరైంది, యజమాని ఇంటి పేరే ఇంటి పేరైంది. అస్తిత్వం గురించి రాయమన్నారు కదా, ఇక్కడి నుంచి మొదలుపెట్టొచ్చు: తల్లిదండ్రులు పెట్టిన పేరు మనకు మిగల్లేదు.

ఆమె పుస్తకం 1773లో వచ్చింది. బోస్టన్‌లో వేయడానికి కావలసినంత మంది చందాదారులు దొరక్క లండన్‌లో వేశారు. పుస్తకం ముందు పద్దెనిమిది మంది బోస్టన్ పెద్దమనుషులు సంతకాలు పెట్టిన ప్రకటన ఉంది. గవర్నర్ థామస్ హచిన్సన్ ఉన్నాడు, జాన్ హాంకాక్ ఉన్నాడు. ఈ కవితలు ఈ నీగ్రో పిల్లే రాసిందని నమ్ముతున్నాం, కొన్నేళ్ల కింద ఆఫ్రికా నుంచి అనాగరికురాలిగా వచ్చింది, యోగ్యులైన వాళ్లు పరీక్షించారు అని దాని సారాంశం. పక్కనే యజమాని ఉత్తరం.

నేనిది క్లాసులో చెబుతుంటే వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచి అడిగింది: "మేడమ్, హచిన్సన్ ఇంగ్లండు రాజు మనిషి, హాంకాక్ రాజుకు ఎదురు తిరిగినవాడు. ఒకళ్లంటే ఒకళ్లకు పడదు. ఈ పిల్ల రాయగలదా లేదా అన్న ఒక్క విషయంలో ఇద్దరూ కలిసి సంతకం పెట్టారా?" అంతకుముందు ఆ పేర్లు నేను లిస్టులాగా చదివేసేదాన్ని. ఆ రోజు ఇంటికెళ్లి సిలబస్‌లో ఉన్న ప్రతి పుస్తకం ముందు పేజీలూ మళ్లీ చదివాను. ఈ సమాధానం అప్పుడు మొదలైందే.

ఇక్కడ ఒక ఉచ్చు ఉంది, పడకండి. పద్దెనిమిది మందీ ఒకే గదిలో అర్ధచంద్రాకారంలో కూర్చుని ఆమెకు వైవా పెట్టారనే దృశ్యం చాలా చోట్ల కనిపిస్తుంది. వినడానికి బాగుంటుంది. అలాంటి సమావేశం జరిగినట్టు నేరుగా చెప్పే రికార్డు లేదు. సంతకాలున్న ప్రకటన ఉంది, అంతవరకే రాయండి.

ఇక మిమ్మల్ని ఇబ్బంది పెట్టిన ఆ ఎనిమిది పంక్తుల కవిత, 'ఆన్ బీయింగ్ బ్రాట్ ఫ్రమ్ ఆఫ్రికా టు అమెరికా'. "నన్ను నా అన్యమత దేశం నుంచి తెచ్చింది దయే" అన్న మొదటి సగం దగ్గరే అందరూ ఆగిపోతారు. రెండో సగంలోకి రండి. "కొందరు మా నల్లజాతిని చిన్నచూపు చూస్తారు" అంటుంది. గమనించండి, "మా". ఆ వెంటనే "వాళ్ల రంగు దయ్యపు రంగు" అన్న మాటను కొటేషన్ గుర్తుల్లో పెట్టింది. ఆ మాట నాది కాదు, మీది, ఇదిగో పట్టుకోండి అన్నట్టు. తర్వాతి పంక్తిలో "గుర్తుంచుకోండి" అని ఆజ్ఞ. బానిస పిల్ల, బోస్టన్ క్రైస్తవులకు.

ఆ ఆజ్ఞలో కామాలు చూడండి. "గుర్తుంచుకోండి, క్రైస్తవులారా, కయీనులా నల్లనైన నీగ్రోలు" కూడా శుద్ధి అయ్యి దేవదూతల వరసలో చేరొచ్చు అని ఒక అర్థం. (కయీను అంటే బైబిల్లో తమ్ముణ్ని చంపి శాపం పొందినవాడు.) ఇంగ్లీషులో కామాలు పడిన తీరు వల్ల ఇంకో అర్థం కూడా వస్తుంది: క్రైస్తవులు, నీగ్రోలు, ఇద్దరూ కయీనులా నల్లనివాళ్లే, ఇద్దరికీ శుద్ధి కావాలి. పిల్లలు తెల్ల కాగితం మీద ఆ పంక్తి రాసి, కామాల దగ్గర పెన్సిలుతో గుండ్రంగా చుడితే ఒక్కసారిగా కనబడుతుంది. ఇంకా లోపలికి వెళ్లే విమర్శకులు కొన్ని మాటలు చూపిస్తారు. రంగుకు వాడిన మాట అద్దకపు రంగుకూ వాడే మాట, "కయీన్" పలికితే చెరకు వినబడుతుంది, "శుద్ధి" అన్న మాట చక్కెరకూ వాడతారు. అద్దకపు నీలిమందు, చెరకు, రెండూ బానిసల చేత పండించినవే. ఆ చెరకు మడ్డితో రమ్ము కాచిన ఊరు బోస్టన్. ఇది ఆమె కావాలనే చేసిందా అని వాదించుకోవచ్చు. నేనైతే కావాలనే చేసిందంటాను. కానీ పరీక్షలో "అని చదవవచ్చు" అని రాయండి.

ఇంకా అనుమానం ఉంటే లార్డ్ డార్ట్‌మత్‌కు రాసిన కవిత పక్కన పెట్టుకోండి. కాలనీల మంత్రిగా కొత్తగా వచ్చినవాడతను. మీ రాకతో అమెరికాకు ఇనుప గొలుసుల భయం పోయిందని పొగుడుతుంది. ఆ రోజుల్లో కాలనీ పెద్దలు ఇంగ్లండు మమ్మల్ని బానిసల్ని చేస్తోందని ఊగిపోతూ మాట్లాడేవాళ్లు. ఆ మాటనే తీసుకుని, నాకు స్వేచ్ఛ మీద ఇంత ప్రేమ ఎక్కడిదని అడుగుతారేమో అంటూ, చిన్నప్పుడు నన్ను ఆఫ్రికా నుంచి లాక్కొచ్చారు, తండ్రి చేతుల్లోంచి బిడ్డను లాక్కున్న ఆ గుండె ఎంత ఉక్కుదో అంటుంది. పూచీకత్తు ఉన్న పుస్తకంలోనే, పూచీ పడ్డవాళ్ల కళ్ల ముందే. విడుదలైన తర్వాత, 1774లో, శాంసన్ ఆకమ్ అనే, మోహెగన్ అనే మూలవాసి తెగకు చెందిన మతబోధకుడికి రాసిన ఉత్తరంలో ఇంక ముసుగు కూడా లేదు: దేవుడు ప్రతి మనిషి గుండెలో స్వేచ్ఛాకాంక్ష పెట్టాడు, అది అణచివేతను ఓర్చుకోదు అని నేరుగా రాసింది. స్వేచ్ఛ కావాలని అరుస్తూ ఇంకొకరి మీద పెత్తనం చేయడం ఎలా పొసుగుతుందో తెలుసుకోవడానికి తత్వవేత్త అక్కర్లేదని వెక్కిరించింది కూడా. ఆ ఉత్తరం అప్పట్లోనే పత్రికల్లో అచ్చయింది. మీ పేపర్లో మూడూ వరసగా పెడితే "లొంగుబాటు" అన్న మాట దానంతటదే పోతుంది.

పద్దెనిమిది సంతకాలున్నా చాల్లేదు. థామస్ జెఫర్సన్ తన వర్జీనియా పుస్తకంలో "ఆమె పేరు మీద అచ్చయిన రచనలు" విమర్శకు కూడా తగవని రాశాడు. "ఆమె రాసిన" అనలేదు, "ఆమె పేరు మీద" అన్నాడు. ఆమె పేరు స్పెల్లింగు కూడా తప్పు రాశాడు. రెండో పుస్తకానికి 1779లో ప్రకటన ఇచ్చింది, చందాలు రాలేదు. 1784లో, ముప్ఫై దాటీ దాటకుండా, పేదరికంలో పోయింది.

పక్కదారి అనుకోకపోతే ఒక సంగతి. నా పీహెచ్‌డీ వైవాలో బయటి నుంచి వచ్చిన ఒక ఎగ్జామినర్ థీసిస్ తిరగేస్తూ, భాష బాగుందమ్మా అని, నవ్వుతూ "మీవారు కూడా ఇంగ్లీషు డిపార్టుమెంటేనా?" అని అడిగారు. మా ఆయనది కరెంటాఫీసు. ఆ మాట చెబితే గదిలో అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. జెఫర్సన్ వాక్యం చెప్పేటప్పుడల్లా ఆ నవ్వు గుర్తొస్తుంది.

మూడో మనిషి మేరీ రోలండ్‌సన్. మీరు చదవలేదన్నారు. తప్పకుండా చదవండి, ఎందుకంటే అణచివేత అనేది ఒకే వైపు నుంచి వచ్చేది కాదని ఆమె దగ్గర తెలుస్తుంది. 1676 ఫిబ్రవరిలో లాంకాస్టర్ ఊరి మీద దాడి జరిగింది. ఈమెను, పిల్లలను మూలవాసులు పట్టుకెళ్లారు. పదకొండు వారాలు వాళ్లతో తిరిగింది, 20 పౌండ్లు ఇచ్చాక వదిలారు. ఆ అనుభవం 1682లో పుస్తకమైంది. ముందు పేజీల్లో పూచీ మామూలే: పాదరీ భార్య తన పేరు కోసం రాయలేదు, దేవుడి దయను చాటడానికి రాసింది, నలుగురి ముందుకు వచ్చినందుకు తప్పు పట్టకండి అని.

ఆ హామీ ప్రకారం పుస్తకమంతా బైబిల్ వాక్యాలతో నడవాలి. నడుస్తుంది కూడా. కానీ ఆకలి మధ్యలో దూరుతుంది. గుర్రపు కాలి ముక్క ఒకటి ఒక ఇంగ్లీషు పిల్లవాడికి దొరికింది. గట్టిగా ఉండి వాడు కొరకలేక చీకుతున్నాడు. ఈమె వాడి చేతిలోంచి తీసుకుని తాను తినేసింది, రుచిగా ఉందని కూడా రాసింది. పాదరీ భార్య ఇది ఎందుకు రాసుకోవాలి? రాసింది. బ్రాడ్‌స్ట్రీట్ చేతికి నప్పుతుందన్న సూది గుర్తుందా? ఈమె బతికింది ఆ సూదితోనే. మెటకామ్ అనే నాయకుడి అబ్బాయికి చొక్కా కుట్టింది, ఒక షిల్లింగు ఇచ్చాడు. టోపీ కుట్టింది, భోజనానికి పిలిచాడు. ఎలుగుబంటి కొవ్వులో వేయించిన, రెండు వేళ్లంత గోధుమ రొట్టె పెడితే, జీవితంలో ఇంత రుచైనది తినలేదనిపించిందట. యజమాని దగ్గర కూలి, బేరం, విందు, ఇవన్నీ "బందీ" అనే ఒక్క మాటలో ఇమడవు.

ఇక ఆమె యజమానురాలు వీటమూ. రోలండ్‌సన్ దృష్టిలో ఆమె పొగరుబోతు: పొద్దున లేస్తే ముఖానికి రంగులు, మెడలో హారాలు, అలంకారం అయ్యాక పూసల పట్టీలు అల్లుకుంటూ కూర్చోవడం. నిజానికి వీటమూ పొకాసెట్ ప్రజలకు నాయకురాలు. ఆ పూసల పట్టీలు సోకు కోసం కావు. తెగల మధ్య మాటకూ ఒప్పందానికీ గుర్తుగా ఇచ్చిపుచ్చుకునేవి అవే. అంటే రోలండ్‌సన్ ఎదుట ఒక ఆడమనిషి రాజకీయం నడుపుతోంది, ఈమెకు సింగారం కనబడింది.

ఇప్పుడు రెండు చావులు పక్కపక్కన పెట్టండి. రోలండ్‌సన్ ఆరేళ్ల కూతురు సారా గాయాలతో ఆమె ఒళ్లోనే పోయింది. ఆ పేజీలు చదవడం కష్టం, నేను క్లాసులో గట్టిగా చదవలేను. కొన్ని వారాల తర్వాత వీటమూ బిడ్డ జబ్బుచేసి చనిపోయింది. దాని గురించి రోలండ్‌సన్ రాసింది: ఒక లాభం ఉంది, గుడిసెలో చోటు పెరిగింది. అంతే. ఆ ఏడాది ఆగస్టులో వీటమూ నీటమునిగి పోయింది. ఇంగ్లీషువాళ్లు ఆమె తల నరికి టాంటన్ ఊళ్లో గుంజకు తగిలించారు. ఆమె రాసిన పుస్తకం లేదు, ఆమెకు పూచీ పడ్డవాళ్లూ లేరు. ఆమె మనకు తెలిసింది ప్రధానంగా తనను ద్వేషించిన మనిషి రాతలోంచే. మీ పేపర్లో "మహిళా సాహిత్యం" అని రాసే ప్రతిచోటా ఈ పేరా గుర్తుంచుకోండి.

ఇంకో చిన్న మాట. మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జ్ ప్రెస్సులో రోలండ్‌సన్ పుస్తకానికి అక్షరాలు కూర్చినవాళ్లలో జేమ్స్ ప్రింటర్ అనే, నిప్మక్ మూలవాసి తెగ మనిషి ఉన్నాడని పరిశోధకులు చెబుతారు. తనవాళ్లను రాక్షసులన్న పుస్తకానికి తన చేత్తోనే టైపు పేర్చాడన్నమాట.

అమెరికా స్వాతంత్ర్య విప్లవం నాటి వాళ్లను త్వరగా దాటేయొచ్చు. ఎబిగేల్ ఆడమ్స్ 1776లో, తర్వాత అమెరికా అధ్యక్షుడైన భర్త జాన్‌కు "ఆడవాళ్లను మరవకండి" అని రాసింది, ఆయన నవ్వొస్తోందని జవాబిచ్చాడు. అందరూ దీన్నే కోట్ చేస్తారు, మీరు ఒక లైనులో ముగించండి. అంతకంటే జుడిత్ సార్జెంట్ మర్రీ అనే రచయిత్రి 1790లో పత్రికలో రాసిన స్త్రీ పురుష సమానత్వ వ్యాసం పనికొస్తుంది: రెండేళ్ల వయసులో అబ్బాయి తెలివి అమ్మాయి కంటే ఎక్కువని ఎవరనగలరు, తర్వాత ఒకడికి ఎగరడం నేర్పి ఒకదాన్ని కట్టేస్తున్నారు కదా అంటుంది. దానికి పెట్టుకున్న పేరు కాన్‌స్టాన్షియా. హన్నా ఫాస్టర్ నవల 'ద కోకెట్' 1797లో వచ్చినప్పుడు రచయిత్రి పేరే లేదు, "మసాచుసెట్స్ మహిళ" అని మాత్రమే ఉంది. పూచీ పడేవాళ్లు లేకపోతే పేరు దాచుకోవడమే దారి.

చివరగా హారియట్ జేకబ్స్. పుస్తకం 1861 నాటిది. "తొలినాళ్లు" అంటే మీ సిలబస్‌లో 1820 వరకా, అంతర్యుద్ధం వరకా అని ముందు మీ గైడ్‌ను అడగండి. రెండోదైతే ఈమెను వదలొద్దు. (షార్లట్ పెర్కిన్స్ గిల్మన్, కేట్ షోపాన్ ఎలా చూసినా తొలినాళ్లవాళ్లు కారు. ప్రతి ఏడాదీ ఒకరిద్దరు రాసి మార్కులు పోగొట్టుకుంటారు.)

నార్త్ కరోలినాలో పుట్టిన బానిస. యజమాని వేధింపు తప్పించుకోవడానికి అమ్మమ్మ ఇంటి షెడ్డు పైకప్పు కింద దాక్కుంది. తొమ్మిది అడుగుల పొడవు, ఏడు వెడల్పు, ఎత్తు ఎక్కువలో ఎక్కువ మూడడుగులు. దాదాపు ఏడేళ్లు. బరమాతో చెక్కకు కన్నం చేసుకుని, అందులోంచి కింద ఆడుకునే తన పిల్లల్ని చూసేది. అమ్మ ఉత్తరాదికి పారిపోయిందని పిల్లలు అనుకునేవాళ్లు.

మీ పేపరుకు ఇరవై అయిదో అధ్యాయం ముఖ్యం. తాను న్యూయార్క్‌లో ఉన్నానని యజమానిని నమ్మించడానికి, ఒక పాత న్యూయార్క్ పేపరు ముక్కలోంచి వీధి పేర్లు తీసి ఉత్తరాలు రాసి, అక్కడి నుంచి పోస్టు చేయించింది. యజమాని ఒక ఉత్తరం పట్టుకుని అమ్మమ్మ దగ్గరకు వచ్చి చదివి వినిపించాడు. కానీ చదివింది ఆమె రాసింది కాదు, తాను మార్చి రాసుకున్నది. ఆమె అక్కడే దాక్కుని మొత్తం వింటోంది. తాను రాసిన మాట వేరొకరి నోట మారి బయటికి రావడం ఆమె చెవులతో విన్నది. తర్వాత తన పుస్తకానికీ అదే జరిగింది. 1861లో అచ్చయినప్పుడు ఆమె అసలు పేరు లేదు, లోపల లిండా బ్రెంట్ అనే మారుపేరు. సంపాదకురాలిగా బానిసత్వాన్ని వ్యతిరేకించిన తెల్ల రచయిత్రి లిడియా మరియా చైల్డ్ పేరు, ముందు ఆమె హామీ, వెనక ఇద్దరి సాక్ష్యం. వందేళ్లకు పైగా చాలామంది చరిత్రకారులు ఇది చైల్డ్ అల్లిన కథే అనుకున్నారు. జీన్ ఫేగన్ యెల్లిన్ అనే పరిశోధకురాలు జేకబ్స్ ఉత్తరాలను పట్టుకుని నిరూపించి, 1987లో ఆమె పేరుతో ఎడిషన్ తెచ్చాక గానీ పుస్తకం ఆమెది కాలేదు.

ఇందులోనూ ఒకే వైపు చూడకండి. యజమాని భార్య ఆదివారం భోజనం ఆలస్యమైతే, వడ్డన అయ్యే దాకా వంటింట్లోనే నిలబడి, మిగిలిన గిన్నెల్లో ఉమ్మేసేది, వంటమనిషీ ఆమె పిల్లలూ తినకూడదని. ఆడతనం ఒక్కటే కలపదు.

నా తప్పు ఒకటి చెప్పి ముగిస్తాను, మీరు చేయకుండా ఉండటానికి. బానిసత్వం నుంచి బయటపడి దానికి వ్యతిరేకంగా ప్రసంగాలు చేసిన సోజర్నర్ ట్రూత్ "నేను ఆడదాన్ని కానా?" ప్రసంగాన్ని దక్షిణాది నల్లవాళ్ల యాసలో నేను చాలా ఏళ్లు క్లాసులో చదివాను. ఆమె 1851లో ఒహాయోలోని ఆక్రన్‌లో మాట్లాడింది నిజం. కొద్ది వారాల్లో వచ్చిన పత్రిక రిపోర్టులో ఆ ప్రశ్నే లేదు, ఆ యాసా లేదు. ఆ రూపం పన్నెండేళ్ల తర్వాత ఫ్రాన్సెస్ గేజ్ అనే తెల్లావిడ రాసింది. ట్రూత్ న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టింది, ఆమె మొదటి భాష డచ్చి. గేజ్ ఆమె నోట పదమూడు మంది పిల్లలని పలికించింది, ఆమెకున్నది ఐదుగురు. కోట్ చేస్తే 1851 రిపోర్టు కోట్ చేయండి, లేదా రెండూ పక్కపక్కన పెట్టండి.

సెమినార్ పేపర్ పది పేజీలన్నారు. ఇంతమందినీ కుక్కొద్దు. వీట్లీకి సగం, బ్రాడ్‌స్ట్రీట్‌కు పావు, మిగతాది రోలండ్‌సన్, వీటమూలకు ఇవ్వండి. జేకబ్స్‌ను ఒక పేరాలో తాకితే చాలు. ఈ పుస్తకాలన్నీ కాపీరైటు తీరినవి, నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. అయితే కవితలు మాత్రమే ఎత్తి పెట్టిన సైట్లు కాకుండా పాత ఎడిషన్ స్కాన్ చూడండి, ముందు పేజీలు అందులోనే ఉంటాయి. ముందు వీట్లీ ఎనిమిది పంక్తులు చేత్తో రాసుకుని కామాలు చుట్టండి. మీకు ఏ అర్థం తేలిందో ఇక్కడ రాస్తే చూస్తాను.